చేతులు తిప్పితే భాషైపోతుందా

కోపం ఎవరి మీదో ముందు తేల్చుకుని తర్వాత రాద్దామనుకున్నాను. తేలేలా లేదు. ఈయనేమో నాతో వాదించి వాదించి, "సరే, నువ్వన్నదే రైటు" అని అటు తిరిగి పడుకున్నారు. అది ఒప్పుకోవడం కాదు, ఇక ఆపమనడం. మీకు తెలిసిన మనిషే కదా.

ఇవాళ చిన్నోడి క్లాసు వాళ్ళ అసెంబ్లీ. తల్లిదండ్రులందర్నీ పిలిచారు. వాడిది చెట్టు వేషం. కదలకుండా చివరిదాకా నిలబడ్డాడు. నన్ను చూసి నవ్వాడు కూడా. ఆ సంతోషం అలా ఉండగానే చివరి ఐటమ్ వచ్చింది.

"ఇప్పుడు మా పిల్లలు సైన్ లాంగ్వేజ్‌లో పాట ప్రదర్శిస్తారు" అని మైకులో చెప్పారు. తెల్ల గ్లౌజులు వేసుకున్న పిల్లలు వరుసగా నిలబడ్డారు. ఆకాశం అనగానే చేతులు పైకి వెళ్ళాయి. ప్రేమ అనగానే రెండు చేతులూ కలిపి గుండె బొమ్మ పట్టారు. కలిసి అన్నచోట పక్కవాళ్ళ చెయ్యి పట్టుకున్నారు. ఆశ అన్న మాట వచ్చినప్పుడు వేళ్ళు ఆడిస్తూ గుండ్రంగా తిరిగారు. పాటంతా నవ్వుతూనే ఉండాలని నేర్పినట్టున్నారు, ఒక్క మొహంలోనూ ఆ నవ్వు చెదరలేదు. ముద్దుగా చేశారు, పిల్లల్ని అనడానికేమీ లేదు. హాలంతా చప్పట్లు. ముఖ్య అతిథి లేచి, మాటలు రానివాళ్ళ కోసం ఇంత చిన్న పిల్లలు ఇంత గొప్ప పని చేశారని మెచ్చుకున్నారు.

నా పక్కనే చిన్నోడి స్నేహితురాలి అమ్మానాన్నా కూర్చున్నారు. ఇద్దరికీ వినపడదు. ఆవిడ ఆ పాటంతా కుర్చీ అంచుకి జరిగి, కళ్ళార్పకుండా చూశారు. అయ్యాక కూతుర్ని ఏదో అడిగారు. పాప నా వైపు తిరిగి, "ఆంటీ, వాళ్ళు చేసింది ఏ దేశం సైన్ లాంగ్వేజ్ అని అమ్మ అడుగుతోంది" అంది.

ఏం చెప్పను? "డాన్స్ అని చెప్పమ్మా" అన్నాను. పాప చెప్పింది. ఆవిడ తలూపి, మర్యాదగా రెండు చేతులూ పైకెత్తి ఆడించారు. వాళ్ళు చప్పట్లు కొట్టే పద్ధతి అది.

ఆ ప్రశ్నలో వెటకారం లేదు, అందుకే ఇంకా బాధేసింది. అమెరికా వాళ్ళదొకటి, ఇంగ్లండు వాళ్ళదొకటి, మనదొకటి. ఇంగ్లిషు ఇద్దరిదీ ఒకటే అయినా అమెరికా బధిరుల భాషా ఇంగ్లండు బధిరుల భాషా ఒకదానికొకటి అర్థం కావు. అమెరికాది ఫ్రాన్సు నుంచి వచ్చిన దానితో కలిసి పెరిగింది. ఇదంతా తెలిసిన మనిషి కాబట్టే, తనకి అర్థం కానిది ఇంకో దేశం వాళ్ళదేమో అనుకున్నారు. అసలు ఏ భాషా కాదేమోనన్న అనుమానమే ఆవిడకి రాలేదు.

రాత్రి అన్నాల దగ్గర ఈ సంగతి చెప్తే ఈయన, "సైగలే కదా, దానికింత టెన్షన్ ఎందుకు? కాశీలో హిందీ ముక్క రాకుండా గాజులు బేరం చేశావు, అదేంటి మరి?" అన్నారు.

కాశీలో నేను చేసిందేంటి? గాజులు చూపించి ఎంత అన్నట్టు చెయ్యి తిప్పాను. మొహం చిట్లించాను. అరచెయ్యి కిందికి దించి తగ్గించమన్నాను. వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వేశాను. అంతవరకే నడిచింది. "ఇవి మా ఆడపడుచుకి, ఆవిడ చెయ్యి నాకంటే సన్నం, సరిపోకపోతే రేపు మార్చుకోవచ్చా" అని అడగాల్సి వచ్చేసరికి నా చేతులు ఆగిపోయాయి. తెలుగొచ్చిన పక్క షాపతన్ని పిలిపించాల్సి వచ్చింది.

మన సైగలన్నీ అంతే. వస్తువు కళ్ళెదుటన్నా ఉండాలి, ఎదుటివాళ్ళకి సంగతి సగమన్నా ముందే తెలిసి ఉండాలి. బొటనవేలు నోటి దగ్గర పెట్టి అత్తయ్య చూపిస్తే మంచినీళ్ళు, పెళ్ళివారింట్లో మా మావయ్య చూపిస్తే వేరే సంగతి. క్లాసులో చిటికెన వేలు ఎత్తితే ఒకటికెళ్ళాలని, ఆటలో అదే వేలు చూపిస్తే పచ్చి. ఇక మాట్లాడుతున్నప్పుడు ఊగే చేతులు ఎవరికోసమో కూడా కాదు. అత్తయ్య ఫోన్లో మా పెద్దాడపడుచుకి పిండి ఎంత జారుగా ఉండాలో గరిటె తిప్పినట్టు తిప్పి చూపిస్తారు. పుట్టుకతో చూపు లేనివాళ్ళు, తమలాగే చూపు లేనివాళ్ళతో మాట్లాడుతున్నా చేతులు కదుపుతారని 1998లో ఒక పరిశోధన వచ్చింది. మాటకి తోడుగా వచ్చే చేతులవి. మాట తీసేస్తే వాటికి నిలవడానికి చోటుండదు.

ఆ పాప ఇంట్లో మాట్లాడే భాషకి ఇంకో తోడు అక్కర్లేదు. 1960లో అమెరికాలో విలియం స్టోకీ అనే ఇంగ్లిషు ప్రొఫెసర్ ఈ సంగతి మొదట కాగితం మీద పెట్టాడు. చేతి ఆకారం, అది ఉండే చోటు, కదిలే తీరు, ఈ ముక్కలతో ఒక్కో సైన్ తయారవుతుందని, అందులో ఒక్కటి మారినా ఇంకో మాటైపోతుందని చూపించాడు. మనకి పాలులో ఒక్క అక్షరం మారితే కాలు అయినట్టు. ఆయనతో పనిచేసేవాళ్ళే మొదట్లో ఒప్పుకోలేదట.

మన ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌లో ఎవరు, ఏమిటి, ఎక్కడ అన్నవి వాక్యం చివర వస్తాయి. కాదు, లేదు కూడా చివరికే. అవునా కాదా అని అడగాలంటే కనుబొమలు పైకి లేవాలి, తల కాస్త ముందుకి రావాలి. కుడివైపు ఒక మనిషిని, ఎడమవైపు ఇంకో మనిషిని గాల్లోనే నిలబెట్టి, ఇచ్చాడు అన్న సైన్‌ని ఇటునుంచి అటు కదిపితే ఎవరు ఎవరికిచ్చారో తేలిపోతుంది. అంటే వ్యాకరణం చాలావరకు మొహం మీదా, ఎదురుగా ఉన్న ఖాళీలోనూ ఉంటుంది. ఆ పిల్లల మొహానికేమో ఒకటే నవ్వు తగిలించారు.

ఇంకో సంగతి చెప్పేదాకా ఈయన తినడం ఆపలేదు. 1980ల్లో ఉర్సులా బెలూజీ అనే పరిశోధకురాలు, ఆవిడతో పనిచేసినవాళ్ళు, పక్షవాతంతో మెదడు ఎడమవైపు దెబ్బతిన్న బధిరుల్ని గమనించారు. మనకి మాట పడిపోయినట్టే వాళ్ళలో కొందరికి సైన్లు పడిపోయాయి. వాక్యం కూర్చుకోలేకపోయారు. ఉత్త అభినయం మాత్రం చెయ్యగలిగారు. చేతులు అవే, వేళ్ళు అవే, పోయింది భాష. "చూశారా, రెండిటికీ సంబంధమే లేదు" అన్నాను. అప్పుడే ఆ "నువ్వన్నదే రైటు" వచ్చింది.

ఆ మాట గట్టిగా అనేశాను గానీ, గిన్నెలు సర్దుతుంటే మా పిన్ని గుర్తొచ్చింది. ఆవిడకీ వినపడదు. పిన్ని గురించి ఇక్కడ ఇదివరకే రాశాను, దూడ సంగతి మాత్రం రాయలేదు.

అమ్మమ్మ వాళ్ళింట్లో పిన్ని సైగలు అందరికీ వచ్చు. మీసం మెలేస్తే తాతయ్య. ముక్కుపుడక చోట వేలు పెడితే అమ్మమ్మ. నుదుటి మీద అడ్డంగా గీస్తే పెద్దమావయ్య, చిన్నప్పుడు పడిన గాటు ఉండేది ఆయనకి. బుగ్గ గిల్లుకుంటే నేను. ఆకలి, జ్వరం, కోపం, గేదె, రా, పో, అన్నీ ఉండేవి. బడికి పంపలేదు. "మా పిల్ల చెప్పేవన్నీ మాకు తెలుస్తాయి" అని అమ్మమ్మ గొప్పగా చెప్పేది, అందరం నమ్మాం.

బాబాయి బెజవాడలో ప్రెస్సులో కంపోజిటర్. బధిరుల బడిలో హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. క్లాసులో చేతులు కట్టుకుని మాస్టారి పెదాలు చూడాల్సిందే, చెయ్యి కదిపితే స్కేలు దెబ్బ. భాషంతా రాత్రి హాస్టల్ వరండాలో పెద్ద పిల్లల దగ్గర నేర్చుకున్నదే. 1880లో ఇటలీలో, మిలాన్‌లో టీచర్లు సభ పెట్టి, బధిరులకి నోటి మాటే నేర్పాలి, సైగలు వద్దని తీర్మానం చేశారు. ఆ స్కేలు అంత దూరం నుంచి వచ్చింది. 2010లో వాంకూవర్‌లో అదే సభ వాళ్ళు ఆ తీర్మానానికి విచారం తెలిపారు. అప్పటికి బాబాయికి రిటైరయ్యే వయసు.

పెళ్ళైన కొత్తలో పిన్నికీ బాబాయికీ ఒకరి చేతులు ఒకరికి తెలియలేదు. బాబాయి భాషలో ముక్కు పక్కన వేలు పెడితే ఏ ఆడమనిషైనా కావచ్చు. ఆయన పక్కింటావిడ గురించి చెప్పినా, మేనత్త గురించి చెప్పినా, పిన్నికి అమ్మమ్మకేదో అయిందనిపించేదట. భయపడి ఏడ్చేదని తర్వాత బాబాయే రాసి చూపించాడు.

ఆ తర్వాత సంక్రాంతికి ఇద్దరూ వచ్చారు. కరెంటు పోతే లాంతరు మధ్యలో పెట్టుకుని వసారాలో మాట్లాడుకుంటున్నారు, వెలుతురు లేకపోతే వాళ్ళకి మాట ఉండదు కదా. పిన్ని చేతులు నేనెప్పుడూ చూడనంత చకచకా కదులుతున్నాయి. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "అది ఏమంటోందో నాకు తెలియట్లేదే" అంది మా అమ్మతో. గొంతు మారిపోయింది. పిన్ని ఆపి, బాబాయిని కాగితం మీద రాయమంది. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని లాంతరు దగ్గర పైకే చదివాడు: "దూడ బావిలో పడిన రోజు దొడ్డి తలుపు తీసింది తను కాదట. పెద్దబావగారు తీశారట. దెబ్బలు తనకి పడ్డాయట."

ఎప్పుడో పిన్ని చిన్నపిల్లగా ఉన్నప్పటి సంగతి. దూడ అని చూపించొచ్చు. బావి అనీ చూపించొచ్చు. ఆ రోజు, నేను కాదు, వాడు, దెబ్బలు మాత్రం నాకు, ఇవన్నీ ఒకదానికొకటి తగిలించి చెప్పడానికి మా ఇంటి సైగల్లో దారి లేదు. అన్నేళ్ళూ ఆ ముక్క పిన్ని లోపలే ఉండిపోయింది. పెద్దమావయ్య ఆ పూట భోజనానికి రాలేదు. బాబాయంత వేగం పిన్నికి ఎప్పటికీ రాలేదు, చిన్నప్పుడు అందాల్సిన భాష పెద్దయ్యాక అందితే ఆ కొరవ పూర్తిగా తీరదు. అయినా అందింది.

ఇక్కడే నేను ఈయనతో అన్న మాట నాకు నిలవట్లేదు. సంబంధం లేకపోవడమేంటి? మగవాడికి మీసం, ఆడమనిషికి ముక్కుపుడక, ఇవి ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌లోనూ ఉన్నాయి. అందరూ చూసేవి, అందరూ చూపించేవి, అక్కడినుంచే వెళ్ళి మాటలయ్యాయి. మధ్య అమెరికాలో నికరాగువా అనే దేశం ఉంది, 1977లో దాని రాజధాని మనాగ్వాలో బధిర పిల్లలకి బడి పెడితే, టీచర్లు స్పానిష్ పెదాలు చదవడం నేర్పుతుంటే, పిల్లలు ఎవరింటి సైగలు వాళ్ళు తెచ్చుకుని బస్సులోనూ ఆటస్థలంలోనూ కలిపేసుకున్నారు. వాళ్ళ తర్వాత వచ్చిన ఇంకా చిన్న పిల్లలు దానికి వ్యాకరణం పట్టించి పూర్తి భాష చేసేశారు. మొదలైంది సైగలతోనే. అమ్మమ్మగారింట్లో పిన్నికీ అవే ఉన్నాయి. లేనిది తనలాంటి ఇంకో మనిషి. మేమందరం మాకు మేం నోటితో మాట్లాడుకుని, పిన్నికి అవసరమైనంత వరకే చెయ్యి ఊపాం.

అలాగని ఆ డాన్స్ టీచర్ని క్షమించెయ్యాలా? ఆవిడ మంచి ఉద్దేశంతోనే నేర్పి ఉంటారు, కష్టపడి ఉంటారు, అంతవరకు నాకు పేచీ లేదు. అసెంబ్లీలో అభినయ గీతం అని చెప్పి ఉంటే నేనూ చప్పట్లు కొట్టేదాన్ని. ఆ మనాగ్వా పిల్లలు ఒకరికొకరు చెప్పుకోవడానికి చేతులు కదిపారు. ఇక్కడ వినపడేవాళ్ళం వినపడేవాళ్ళ కోసం కదిపించి, దానికి వాళ్ళ భాష పేరు పెట్టాం, వాళ్ళనే కూర్చోబెట్టి చూపించాం. 2013లో మండేలా సంస్మరణ సభలోనూ ఇంతే. ప్రపంచ నాయకుల పక్కన నిలబడి ఒకాయన చేతులు తిప్పుతుంటే మనకంతా అనువాదంలాగే కనిపించింది. అదేమీ కాదని దక్షిణాఫ్రికా బధిరులు చెప్తే గానీ లోకానికి తెలియలేదు.

తెలుసుకోవాలంటే దారి లేక కాదు. ఢిల్లీలో 2015లో ఇండియన్ సైన్ లాంగ్వేజ్ కోసమే ఒక సంస్థ పెట్టారు. 2018లో 3,000 మాటలతో నిఘంటువు తెచ్చారు, 2021కి అది 10,000 అయింది. వీడియోలు ఎవరైనా చూడొచ్చు. అయితే పాటలో ఒక్కో మాటకీ ఒక్కో సైన్ వెతికి వరుసగా పెట్టినా అది భాష అవ్వదు. తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి హాల్లోనే కూర్చుని ఉన్నారు, వారానికోసారి స్కూలు గేటు దగ్గర కనిపిస్తారు. ఎవరూ అడగలేదు.

స్కూలుకి లెటర్ సగం రాసి ఆపాను. పిల్లలకి గంటసేపు నేర్పడానికి ఆవిడని పిలవండి అని రాస్తున్నాను, ఆవిడకి ఇష్టమో కాదో తెలియకుండా. ముందు ఆవిడని అడగాలి. పాపని మధ్యలో పెట్టి అడగను, ఆ పిల్ల ఇప్పటికే బ్యాంకులోనూ ఆస్పత్రిలోనూ అమ్మానాన్నలకి మాట సాయం చేస్తూ తిరుగుతోంది. రేపు వాట్సాప్‌లో తెలుగులోనే రాస్తాను, ఆవిడ చదువుతారు. ఒప్పుకుంటే లెటర్ ఇద్దరం కలిసి రాస్తాం. ఊరికే రమ్మంటే కుదరదు, డాన్స్ టీచరుకి ఇస్తున్నట్టే ఆవిడకీ ఇవ్వాలి, ఎంతో ఆవిడే చెప్తారు.