రాత్రి రెండింటి పిల్లికూతలు

నాకు ఉబ్బసం చిన్నప్పటిది కాదు, నలభై దాటాక పట్టుకుంది. నరసరావుపేటలో చిన్న జిరాక్స్ షాపు నాది. పగలంతా బాగానే ఉండేవాణ్ణి. రాత్రి రెండింటికి పొడిదగ్గుతో మెలకువ వచ్చేది. లేచి కూర్చుంటే ఛాతీలో పిల్లికూతలు. ఇన్‌హేలర్ పీల్చుకుని, కిటికీ దగ్గర కుర్చీలో తెల్లారేదాకా కూర్చునేవాణ్ణి.

దుమ్మే కారణమనుకున్నాం. పరుపు మార్చాం. టోనర్ పొడి పడట్లేదేమోనని షాపులో మాస్కు పెట్టుకున్నా. మా పెద్దమ్మ అయితే మృగశిర కార్తెకి హైదరాబాదు వెళ్లి చేపమందు మింగి రమ్మంది. రెండేళ్లు ఇలాగే గడిచాయి.

గుంటూరులో ఛాతీ డాక్టరుగారు గొట్టంలోకి ఊదించే పరీక్ష చేశాక, "రాత్రి అన్నం ఎన్నింటికి తింటారు?" అని అడిగారు. షాపు కట్టేసి ఇంటికొచ్చేసరికి పది. వేపుడు, గోంగూర పచ్చడి, చివర పెరుగన్నం. పదకొండుకల్లా పడక. "పులితేన్పులు వస్తాయా? పొద్దున గొంతు బొంగురుగా ఉంటుందా?" రెండూ ఉన్నాయి. పులితేన్పులు ఎవరికి రావని, అంతకుముందు ఏ డాక్టరుకీ చెప్పలేదు.

ఆయన చీటీ వెనక బొమ్మ గీశారు. అన్నవాహిక అడుగున మూతలాంటి కండరం ఉంటుంది. అది వదులైతే, పడుకున్నప్పుడు కడుపులో ఆమ్లం పైకొస్తుంది. కొంచెం శ్వాసనాళంలోకి జారొచ్చు. జారకపోయినా, అన్నవాహికకీ ఊపిరితిత్తులకీ వెళ్లే వేగస్ నరం ఒకటే కాబట్టి, ఇక్కడ మంట పుడితే అక్కడ గొట్టాలు బిగుసుకుంటాయట. ఆయాసానికని నేను మింగుతున్న థియోఫిలిన్ మాత్ర కూడా ఆ మూతని వదులు చేస్తుందట! అది మాన్పించారు.

"ఉబ్బసం వాళ్లందరికీ గ్యాస్ మాత్ర ఇవ్వను" అని కూడా అన్నారు. ఆమ్లం ఎగదన్నే లక్షణాలు పెద్దగా లేనివాళ్లకి ఆ మాత్రల వల్ల ఉబ్బసం తగ్గలేదని 2009లో వచ్చిన అమెరికా పరిశోధనలో తేలిందట. నాకు లక్షణాలున్నాయి కాబట్టి పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర రాశారు, టిఫినుకి అరగంట ముందు. అదివరకు గ్యాస్ మాత్ర మంట పుట్టినప్పుడే, అదీ తిన్నాక వేసుకునేవాణ్ణి.

మూడు దిండ్లు పెట్టుకుంటే చాలదా అంటే, నడుం దగ్గర మడతపడి కడుపు నొక్కుకుంటుంది, మంచమే ఎత్తాలన్నారు. తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాను. "ఏవండీ, జారుడుబల్ల మీద పడుకున్నట్టుందండీ" అని మా ఆవిడ వారం రోజులు గొణిగింది. నిజంగానే తెల్లారేసరికి ఇద్దరం కాళ్లవైపుకి జారిపోయేవాళ్లం. రాత్రి అన్నం ఆలస్యం కాకుండా ఎనిమిదింటికి క్యారియర్ షాపుకే తెప్పించుకునేవాణ్ణి.

మూడు వారాలు ఏ తేడా లేదు. చిరాకేసి మానేద్దామనుకున్నా. రెండో నెలలో ఒకరోజు అలవాటుకొద్దీ రెండింటికి మెలకువొచ్చింది. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఉబ్బసం పోలేదు. రోజూ పీల్చే ఇన్‌హేలర్ ఇప్పటికీ ఉంది, మానొద్దన్నారు.

మొన్న మేనకోడలి పెళ్లిలో పదిన్నరకి బిర్యానీ తిన్నాను. లాడ్జి మంచానికి ఇటుకలెక్కడివి? రెండింటికి లేచి కూర్చున్నా.