ఐదు పెట్టెల తూటాలు, బెంగళూరులో రెండు పొద్దుటిపూటలు

ఏడాదిగా నన్ను నిద్రపోనివ్వనిది ఒక తొమ్మిది. నేను కాల్చేది 50 మీటర్ల ప్రోన్, అంటే పడుకుని పాయింట్ టూ టూ రైఫిల్‌తో 60 షాట్లు. ఒక్కో షాటుకు ఎక్కువలో ఎక్కువ 10.9, మొత్తం 654. వరసగా పదులు పడుతూ పడుతూ ఉంటాయి, ఊపిరి బాగుంటుంది, ట్రిగ్గర్ మెత్తగా వదిలినట్టే ఉంటుంది, తీరా స్క్రీన్ మీద చూస్తే 9.1. ఎందుకు పడిందో అర్థం కాదు. మోచేయి పెట్టే తీరు మార్చాను, రైఫిల్‌ను చేతికి కట్టే పట్టీ, స్లింగ్ బిగువు మార్చాను, కళ్లద్దాలు కూడా మార్చాను. నెలల తరబడి తప్పు నాలోనే ఉందనుకున్నాను.

సంక్రాంతికి ముందు ఫోన్‌లో మా మేనమామతో ఈ గోడు చెప్పుకుంటే, అంతా విని ఒకటే అడిగాడు: "ఇప్పుడు కాలుస్తున్న తూటాల లాట్ నంబరు ఎంతప్పా?" ఒకే విడతలో తయారైన తూటాలకు వేసే నంబరది. నాకు తెలియదు. ఎప్పుడూ చూడలేదు. "అయితే శుక్రవారం సాయంత్రానికి ఇక్కడుండు, పెట్టెలు నేను తెప్పిస్తా" అన్నాడు.

మామ ఆర్మీలో ఇరవై నాలుగేళ్లు చేశాడు, అందులో చాలాకాలం యూనిట్ షూటింగ్ టీమ్‌లోనే. రిటైరయ్యాక బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఆ వీధిలో కూరగాయల బండి నుంచి ఇస్త్రీ కొట్టు దాకా తెలుగే వినిపిస్తుంది. బ్యాంకులో సగం పూట సెలవు పెట్టి మధ్యాహ్నం అనంతపురంలో కారు తీశాను. జాతీయ రహదారి 44 మీద పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ, ఆ తర్వాత కొడికొండ చెక్‌పోస్టు, అది దాటితే కర్ణాటక. రైఫిల్ తాళం వేసిన పెట్టెలో, బోల్ట్ విడిగా, లైసెన్సు చేతికి అందేలా ముందు సీట్లో. ఇలా రాష్ట్రం దాటి తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. మీ లైసెన్సు దేశమంతటా చెల్లుతుందో, రాష్ట్రం వరకేనో బయల్దేరకముందే చూసుకోండి. నాది దేశమంతటికీ రాయించడానికి ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలుసు.

ఇంటికి చేరేసరికి టేబుల్ మీద ఐదు రకాల పెట్టెలు, రకానికి రెండు చొప్పున, అన్నీ పాత హిందూ పేపర్లో చుట్టి ఉన్నాయి. పైన స్కెచ్ పెన్‌తో 1 నుంచి 5 వరకు నంబర్లు. ఎలీ, లపువా, ఎస్‌కె, ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీలవి తెప్పించానని చెప్పాడు గానీ ఏ నంబరు ఏదో చెప్పలేదు. "పేరు తెలిస్తే నీ చెయ్యి దానివైపే మొగ్గుతుంది" అన్నాడు. ఖరీదైన తూటా లోడ్ చేస్తే మనిషి ఇంకాస్త జాగ్రత్తగా కాలుస్తాడు, అది నిజం.

శనివారం ఐదింటికే బయల్దేరాం. కెంగేరి వైపు ఉన్న రేంజికి వెళ్లాలంటే ఊరంతా అడ్డంగా దాటాలి. ఆలస్యమైతే ట్రాఫిక్‌తో పాటు గాలి కూడా మొదలవుతుంది. అత్త నాలుగింటికే లేచి డబ్బాలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టిచ్చింది. బయట చలి పదిహేను డిగ్రీలు ఉంటుంది, అనంతపురం వాడికి అది వణుకే. రేంజిలో టార్గెట్లు చూసుకునే కుర్రాడిది మదనపల్లె. మా మాటలు విని "తెలుగా సార్" అంటూ నవ్వి, అన్నిటికంటే గాలి తక్కువ తగిలే గోడ పక్క లేన్ ఇచ్చాడు.

లక్ష్యం కొలతలు చెప్తే గానీ ఇంత హడావుడి ఎందుకో అర్థం కాదు. 50 మీటర్ల టార్గెట్‌లో పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, మన చొక్కా గుండీ అంత. తూటా వెడల్పే 5.6. సెకనుకు ఒక్క మీటరు వేగంతో అడ్డగాలి వీచినా తూటా సుమారు ఆరేడు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. చెంపకు తెలిసీ తెలియని గాలి అది. అందుకే మామ అత్త పాత చీర అంచును సన్నని పీలికలుగా చించి పుల్లలకు కట్టి, 15, 30, 45 మీటర్ల దగ్గర పాతించాడు. పీలికలు మూడూ వేలాడితేనే కాల్చాలి, ఏ ఒక్కటి ఊగినా ఆగాలి.

మ్యాచిలో పెట్టని టెలిస్కోప్ తగిలించి, ముందు ఒకటి వెనక ఒకటి ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించాం, నా ఊపిరి, నా గుండె దడ లెక్కలోకి రాకూడదని. ముందుగా నా పాత ప్రాక్టీసు తూటాలతో ఇరవై కాల్చితే గుంపు, అంటే అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య దూరం, 35 మిల్లీమీటర్లు వచ్చింది. నాకు గుండె జారిపోయింది, బ్యారెల్ పోయిందేమో అనుకున్నాను. మామ ఏమీ అనకుండా బిగువు కొలిచే టార్క్ రెంచ్ తీసి కింది స్క్రూకు పెట్టాడు. చట్రాన్నీ బ్యారెల్‌నూ పట్టి ఉంచే రెండు స్క్రూల్లో ఒకటైన అది, నేను ఎప్పుడూ 5 న్యూటన్ మీటర్ల దగ్గర పెట్టేది, దారిలో కుదుపులకో ఏమో వదులైంది. బిగించాక అవే తూటాలు 24కు వచ్చాయి. తూటా పరీక్షకు వెళ్లేవాళ్లు మొదటి పెట్టె విప్పకముందే ఆ రెండు స్క్రూలూ చూసుకోవాలి, లేకపోతే ఆ రోజు కొలిచినదంతా వృథా.

పెట్టెలో 50 ఉంటాయి కదా, దానికి తగ్గట్టే మామ లెక్క వేశాడు. మొదటి పది బ్యారెల్‌కు అలవాటు చేయడానికి, మిగతా నలభై పదేసి చొప్పున నాలుగు గుంపులు. ఆ మొదటి పది ఎందుకంటే తూటా సీసం మీద మైనం లాంటి పూత ఉంటుంది, అది కంపెనీకో రకం. ఒక రౌండు వేళ్ల మధ్య తిప్పి చూడండి, జిడ్డు బొటనవేలికి అంటుకుంటుంది, కొన్నిటికి పల్చగా, కొన్నిటికి దీపం వత్తికి పూసినట్టు దళసరిగా. కొత్త రకం వేసినప్పుడు పాత పూత ఇంకా బ్యారెల్ లోపల ఉంటుంది కాబట్టి మొదటి షాట్లు ఎటో పోతాయి. ఐదైదు షాట్లు కాల్చి తేల్చేసేవాళ్లు మోసపోయేది ఇక్కడే, పైగా ఐదు షాట్లు అదృష్టంగా కూడా ఒకే చోట పడగలవు.

కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని కేసు అంటాం, అలాంటిదొకటి మామ నా అరచేతిలో పెట్టాడు. అంచు మీద గోరుతో నొక్కినంత చిన్న సొట్ట. రిమ్‌ఫైర్ అంటే ఇదే, నిప్పు పుట్టించే మందు మధ్యలో ఉండదు, ఆ సన్నని అంచు మడతలో చుట్టూ పరుచుకుని ఉంటుంది. తయారయ్యేటప్పుడు తడి మందును కేసులో వేసి గిరగిరా తిప్పితే అది అంచులోకి వెళ్లి కూర్చుంటుంది. ఒక కేసులో చుట్టూ సమంగా, ఇంకో కేసులో ఒక పక్క కాస్త పల్చగా కూర్చుందంటే మంట తేడా, వేగం తేడా. మ్యాచ్ తూటా సెకనుకు దాదాపు 325 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. ధ్వని వేగం దాటకుండా కావాలనే అంతకు ఆపుతారు, ధ్వని వేగం దాటి మళ్లీ కిందికి వచ్చేటప్పుడు తూటా తొణుకుతుంది కాబట్టి. ఈ 325లో పది మీటర్లు తగ్గితే 50 మీటర్ల దగ్గర ఏడెనిమిది మిల్లీమీటర్లు కిందికి పడుతుంది. అంటే నడి పదికి కాస్త కింద పడాల్సింది తొమ్మిదిలో పడుతుంది. ఆ కేసు పట్టుకుని నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఏడాదిగా నా మోచేతిలో వెతికిన తప్పు ఈ అంచులో ఉండొచ్చా అని.

కొలత సంగతి: గుంపులో దూరంగా పడ్డ రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య వెర్నియర్‌తో కొలిచి, అందులోంచి తూటా వెడల్పు 5.6 తీసేయడమే. మొదటి రోజు సగటులు ఇలా వచ్చాయి. 1వ నంబరు 16 మిల్లీమీటర్లు, 2వది 23, 3వది 18, 4వది 15, 5వది 24. తేలిపోయింది, సర్దేద్దాం అన్నాను. మామ ఒప్పుకోలేదు. "ఒకటో నంబరు ఏడింటికి కాల్చినావు, ఐదో నంబరు పదకొండింటికి. అప్పుడు పీలికలు ఎట్లా ఉండాయో గుర్తుందా?" గుర్తుంది, చివరి గంటలో అవి నిలబడిందే లేదు, ఓపిక చచ్చి మధ్యమధ్య కాల్చేశాను.

ఆదివారం మళ్లీ ఐదింటికే లేచి అదే లేన్‌లో ఈసారి తిరగేసి మొదలుపెట్టాం, 5 నుంచి 1కి. 5వ నంబరు 17కు దిగింది! ముందురోజు చెత్త అని పక్కన పెట్టిన పెట్టె అది. 1వది గాలి వేళకు వచ్చి 21 అయింది. ఆ రెంటి తేడా తూటాది కాదు, పూటది. కానీ 4వది మళ్లీ 15. 3వది మళ్లీ 18. 2వది ఏ వేళ కాల్చినా పదింటిలో ఒకటో రెండో కిందికి జారి 22. ఆ జారిన రంధ్రం చూడగానే గుర్తుపట్టాను, అచ్చం నా తొమ్మిదే. ఇసుక సంచి మీద, కదలని రైఫిల్‌తో కూడా అదే తొమ్మిది.

అప్పుడు కాగితాలు విప్పాడు. అన్నిటికంటే ఖరీదైనది 3వ నంబరు, మంచి తూటాయే గానీ నా బ్యారెల్‌కు మధ్యస్థం. ఇక 2, 4 పక్కపక్కన పెట్టి చూడమన్నాడు. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రంగు పెట్టె. పక్క అంచున అచ్చువేసిన లాట్ నంబరు ఒక్కటే వేరు. నా కారులో ఉన్న పాత మ్యాచ్ పెట్టె కూడా అదే కంపెనీదే కదా అని పరుగున వెళ్లి తెచ్చి చూస్తే దాని మీద ఉన్నది 2వ నంబరు లాటే. ఏడాదంతా నేను మ్యాచుల్లో కాల్చింది అది. కంపెనీని అనడానికి ఏమీ లేదు, 2వ లాటే ఇంకొకరి బ్యారెల్‌లో పదులన్నీ ఒకే రంధ్రంలో పెట్టవచ్చు. అందుకే ఏ నంబరు ఏ కంపెనీయో ఇక్కడ రాయడం లేదు, చదివి అదే కొంటే మీ డబ్బు పోతుంది.

2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో, అంటే మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీలో కాంస్యం తెచ్చినప్పుడు మేమంతా టీవీ ముందు అరిచాం, మరుసటి రోజు మా రేంజిలో పిల్లలు రెట్టింపు వచ్చారు. వాళ్లకు నిలబడటం, పడుకోవడం, ఊపిరి పట్టడం అన్నీ నేర్పుతున్నాం. లాట్ నంబరు డైరీలో రాసుకోమని మాత్రం ఎవరూ చెప్పడం లేదు, నాకూ ఎవరూ చెప్పలేదు. పక్కవాడు కాల్చి బాగుందంటే అదే కొనడం, పెట్టె అయిపోతే ఏ లాట్ దొరికితే అది తేవడం. దిగుమతి సరుకు, దొరకడమే కష్టం కాబట్టి అలా జరుగుతుంది, అర్థం చేసుకోగలను. కానీ పదమూడేళ్ల పిల్ల తొమ్మిది పడ్డ ప్రతిసారీ తనను తాను తిట్టుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఇక నావల్ల కాదు.

మధ్యాహ్నం అత్త చేతి సంగటి, చెనిక్కాయ ఊరిబిండి తిని బయల్దేరాను. దేవనహళ్లి దాటుతుండగా మామ ఫోన్. డీలర్ దగ్గర 4వ నంబరు లాట్‌లో ఇంకా మూడు బ్రిక్‌లే మిగిలాయట, అంటే 1500 రౌండ్లు. సైటర్లు, అంటే మ్యాచికి ముందు గురి సరిచూసుకునే షాట్లు కలిపి మ్యాచికి 75 వేసుకుంటే ఇరవై మ్యాచులు. మూడూ నాకే ఉంచమన్నాను. కారు పక్కకు ఆపి, డ్యాష్‌బోర్డులోంచి డైరీ తీసి, లాట్ నంబరు అంకె అంకె చదివించుకుని రాసుకున్నాను.