కొలొకేషన్ల నోటుపుస్తకం: ఇప్పుడు నామవాచకానికొక పేజీ

ఇంగ్లీషులో సహజంగా జంటగా వాడే మాటలను, అంటే కొలొకేషన్లను, రాసుకునే నోటుపుస్తకం పద్ధతి ఈ నెల మార్చాను. ఇదివరకు 'మేక్', 'డూ', 'టేక్' అంటూ క్రియకొక పేజీ ఉండేది. రాసేటప్పుడు మనసులో ముందు మెదిలేది నామవాచకం. తడుముకునేది క్రియ కోసం. అందుకే ఇప్పుడు నామవాచకానికొక పేజీ కేటాయించాను.

బాగా కుదిరిన పేజీ 'ఎగ్జామ్'. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి 'సెట్', విద్యార్థికి 'టేక్'. బ్రిటన్‌లో విద్యార్థికి 'సిట్' కూడా వాడతారు. జవాబు పత్రాలు దిద్దడం బ్రిటన్‌లో 'మార్క్', అమెరికాలో 'గ్రేడ్'. 'రైట్ యాన్ ఎగ్జామ్' మన దేశంలోనూ కెనడాలోనూ చెల్లుతుంది కాబట్టి దాన్ని కొట్టేయకుండా పక్కన ఆ రెండు పేర్లూ రాశాను. ఒక్క మాట చుట్టూ ఎవరి పని ఏమిటో క్రియలే చెప్పేస్తున్నాయి!

తెలుగువారికి చిక్కంతా 'చేయడం' దగ్గర వస్తుంది. తప్పు, నేరం, స్నానం, ఫిర్యాదు అన్నీ మనం చేసేవే. ఇంగ్లీషులో 'మిస్టేక్'కు 'మేక్', 'క్రైమ్'కు 'కమిట్', 'బాత్'కు 'టేక్' లేదా 'హావ్', 'కంప్లైంట్'కు మళ్ళీ 'మేక్'. కారణాలు వెతకడం నేను మానేశాను. ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది, జ్వరం వస్తుంది. ఎందుకని మనం ఎప్పుడైనా అడిగామా? అవి జంటగానే చెవికెక్కాయి. అందుకే ఇంగ్లీషు జంటలను కూడా పూర్తి వాక్యంలో పెట్టి, పైకి చదివి, ఆ తర్వాతే రాసుకుంటున్నాను.

సందేహం వస్తే, అచ్చు పుస్తకాల్లో ఏ మాట ఎంత తరచుగా వచ్చిందో చూపే గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ చూస్తాను. 'ఏ డెసిషన్' ముందు నక్షత్రం గుర్తు పెట్టి వెతికితే, అచ్చు పుస్తకాల్లో ఆ చోట ఎక్కువగా కనిపించే పది మాటలు గ్రాఫుగా వస్తాయి. వాటిలో 'ఆఫ్' లాంటివీ కలుస్తాయి, క్రియలను మనమే ఏరుకోవాలి. తర్వాత 'మేక్ ఏ డెసిషన్', 'టేక్ ఏ డెసిషన్' రెండింటినీ కామాతో కలిపి ఇచ్చి, అమెరికన్, బ్రిటిష్ పుస్తకాలను విడివిడిగా ఎంచుకుని పోల్చాలి. 'టేక్' బ్రిటిష్ వాడుకలోనే ఎక్కువ. నామవాచకంతో వెతికేందుకు 2002లో మొదట వచ్చిన ఆక్స్‌ఫర్డ్ కొలొకేషన్స్ నిఘంటువు కూడా చాలా అనువుగా ఉంటుంది.

ఇక 'లోన్' పేజీ మొదలుపెట్టాను. తీసుకునేవారికి 'టేక్ అవుట్', ఇచ్చే బ్యాంకుకు 'గ్రాంట్', తీర్చడానికి 'రీపే', ఎగ్గొడితే 'డిఫాల్ట్ ఆన్'. ఆ చివరిదానిలో 'ఆన్' తప్పనిసరి కాబట్టి ప్రిపొజిషన్లకు పేజీ అంచున ఒక కొత్త గడి గీశాను.