అక్క ఇచ్చిన ప్రాస

కవుల స్నేహాల గురించి రాసేవాళ్ళు ఉత్తరాలు చూస్తారు, ముందుమాటలు చూస్తారు, అంకితాలు చూస్తారు. నేను మాత్రం వాళ్ళు సరదాకి చెప్పుకున్న పద్యాల్లో వెతుకుతాను. పెద్ద కావ్యం ఎవరి కోసమైనా రాయొచ్చు, ఎప్పుడో పుట్టబోయే పాఠకుడి కోసమైనా రాయొచ్చు. నాలుగు పాదాల ఆటపద్యం అలా కాదు. ఎదురుగా ఒక మనిషి ఉంటేనే పుడుతుంది, ఆ మనిషి తిరిగి పద్యం చెబితేనే పూర్తవుతుంది.

తిరుపతి వేంకట కవులనగానే అందరికీ మీసాల పద్యం గుర్తొస్తుంది. మమ్మల్ని గెలిస్తే ఈ మీసాలు తీసేసి మీ కాళ్ళకు మొక్కుతాం అన్న సవాలు అది. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించేది వేరే ఉంది. ఆ జంటలో ఒకరైన దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో పోయారు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి 1950 దాకా ఉన్నారు. ఆ మధ్య కాలంలో తానొక్కరే రాసినవి కూడా జంట పేరుతోనే వెలువరించారు. అవధానంలో, అంటే సభలో అడిగినవాటికి అప్పటికప్పుడు పద్యాలు చెప్పే ప్రక్రియలో, ఒకరు ఎత్తుకున్న పద్యాన్ని రెండోవారు అందుకోవడం ఏళ్ళ తరబడి అలవాటైన మనిషికి, తన పద్యం తన ఒక్కడిదే అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

నాకూ అలా అందుకునే మనిషి ఒకరున్నారు. ఒక అష్టావధానంలో ఇద్దరం పృచ్ఛకులుగా, అంటే అవధానిని ప్రశ్నలడిగేవాళ్ళుగా, కూర్చున్నాం. నాది నిషిద్ధాక్షరి, అంటే అవధాని పద్యం చెబుతుంటే ఫలానా అక్షరం వాడకూడదని అడ్డుపడడం. ఆమెది అప్రస్తుత ప్రసంగం. అవధాని ఏకాగ్రత చెడగొట్టడమే ఆమె పని కదా, ఆ పని ఎంత ముద్దుగా చేసిందంటే అవధానిగారు కూడా పూరణ ఆపి నవ్వారు. సభ అయ్యాక నా దగ్గరికొచ్చి, "నిషేధించడం బాగా వచ్చమ్మా నీకు. రాయడం కూడా వచ్చా?" అంది. ఆ రాత్రే ఒక కందపద్యం పంపించాను. అప్పట్నుంచి ఆమె నాకు అక్క, నేను ఆమెకు చెల్లి. మాటల్లో "మీరు" అంటాను. పద్యంలో మాత్రం "నీవు" అంటాను, "నీ" అంటాను. పద్యంలో మీరంటే పరాయిదానిలా ఉంటుందని ఆమె ఆజ్ఞ.

ఒక సాయంత్రం ఆమె సమస్య ఇచ్చింది, అంటే ఒక పాదం ఇచ్చి మిగతా పద్యం పూరించమంది. రాత్రికి పూరణ పంపుతానన్నాను, పంపలేదు. పొద్దున్నే ఈ కందం వచ్చింది:

తెల్లారె, పద్యమేదీ?
చెల్లీ! నిద్దురకె నీవు చిక్కితివేమో?
అల్లిన పాదములెక్కడ?
నల్లని ఫోన్‌తెరను జూచి నవ్వితినమ్మా!

కందంలో నాలుగు పాదాలకూ రెండో అక్షరంలోని హల్లు ఒకటే ఉండాలి, అదే ప్రాస. ఆమె "ల్ల" వేసింది. ఎవరు ఏ ప్రాస వేస్తే జవాబు కూడా ఆ ప్రాసలోనే రావాలి, ఆమెకైనా నాకైనా. ఇది ఛందశ్శాస్త్రం పెట్టిన నియమం కాదు, మేమిద్దరం పెట్టుకున్నది. మా స్నేహమంతా ఈ నియమంలోనే ఉందనుకుంటాను. మామూలుగా ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మనం లోపల మన జవాబు తయారుచేసుకుంటూ ఉంటాం. ప్రాస మోసుకొచ్చిన పద్యానికి అది కుదరదు. ముందు ఆమె పద్యాన్ని పదిసార్లు నోట్లో తిప్పుకోవాలి, ఆమె వాడేసిన మాటలు పక్కన పెట్టాలి, మిగిలినవాటిలోంచి నా మాట వెతుక్కోవాలి. చెల్లీ, అల్లిన, నల్లని ఆమె తీసుకుంది. నాకు మిగిలినవాటితో ఇది రాశాను:

ఒల్లను నిద్దురనక్కా!
తెల్లారులు మేలుకొంటి తీరని యతితో!
ఎల్లెడ మాటల వెదుకగ
తల్లీ! నీ ప్రాస నన్ను తరిమెను సుమ్మీ!

ఇందులో రెండు చోట్ల ఆడుకున్నాను. రెండో పాదం "తె"తో మొదలైంది కాబట్టి యతి స్థానంలో, అంటే పాదం మధ్యలో నిర్ణయించిన చోట, దానికి చెల్లే అక్షరం పడాలి. సరిగ్గా అక్కడే "తీరని యతి" అన్నాను. యతి తీరలేదని చెప్పే మాటతోనే యతి తీరింది. ఇక మొదటి పాదం. నిద్దురను, అక్కా అన్న రెండు మాటలు కలిశాయి. మరోలా విరిస్తే నిద్దుర, నక్కా! కావాలనే పెట్టాను, ఆమె కంటపడుతుందో లేదో చూద్దామని.

పడకుండా ఉంటుందా! నేను ఫోన్ పక్కన పెట్టేలోపే వచ్చేసింది. ఈసారి కందం వదిలేసి ఆటవెలది పట్టుకుంది. ఛందస్సు మారితే ప్రాస ఒప్పందం చెల్లదు, అదీ మా నియమమే:

నక్కనైతి నేను నా చెల్లి దయవల్ల!
ఊళ వేయుచుందు నూరనూర!
అందలేదు పద్య, మది పుల్లదని యందు
చేతికందువరకు, చెల్లెలమ్మ!

అడిగిన పూరణ నేను ఇంకా పంపనే లేదు కదా. నక్క అన్నాను కాబట్టి, అందని ద్రాక్ష పుల్లన అన్న సామెతను ఎక్కి కూర్చుంది. నేను విసిరిన ఎత్తిపొడుపును దండలా మెళ్ళో వేసుకుని, దాంతోనే నన్ను మళ్ళీ పనికి కూర్చోబెట్టింది. కోపం లేదు, దెప్పడం లేదు. మూడో పాదంలో "అంద"కి "మది"లోని అకారంతో యతి ఎంత సులువుగా పడిందో చూసి చాలాసేపు మురిసిపోయాను. పూరణ ఆ మధ్యాహ్నమే పంపేశాను.

సమస్య ఇవ్వడంలోనే ఇచ్చినవాళ్ళ మనసు తెలిసిపోతుంది. "కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్" కథ అందరూ విన్నదే. ఏనుగుల గుంపు దోమ గొంతులోకి దూరిందని! తెనాలి రామకృష్ణుణ్ణి ఇరికించడానికి గిట్టనివాళ్ళు ఆ పాదం ఇప్పించారనీ, అడిగినవాణ్ణి ఆయన పద్యంలోనే తిట్టి పంపాడనీ చెబుతారు. అదే పాదాన్ని రాయలవారు అడిగితే, పాండవులు విరాటుడి కొలువులో చేరాల్సి వచ్చిన దురవస్థగా పూరించాడట. పాదం ఒకటే. వలగా విసిరితే తిట్టు పుట్టింది, ఆదరంగా ఇస్తే భారతం వచ్చి కూర్చుంది. అక్క ఇచ్చే సమస్యలు చాలా కష్టంగా ఉంటాయి, కానీ ప్రతిదాంట్లో ఎక్కడో ఒక కిటికీ తెరిచి ఉంచుతుంది. నాకు అది కనిపించే దాకా ఓపిగ్గా ఉంటుంది.

పేరడీల సంగతి కూడా చెప్పాలి. శ్రీశ్రీ కవితలకు జరుక్ శాస్త్రి రాసిన పేరడీలు ఇప్పటికీ జనం నోళ్ళలో ఉన్నాయి. పేరడీ అంటే వెక్కిరింపని చాలామంది అనుకుంటారు, నేను ఒప్పుకోను. ఒక కవితకు పేరడీ కట్టాలంటే దాని నడక ఒంటబట్టాలి, ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో తెలియాలి, ఏ మాట తీసేస్తే కూలిపోతుందో తెలియాలి. అంత దగ్గరగా చదివేవాళ్ళు కవికి ఎంతమంది దొరుకుతారు? వాన మీద నేను చాలా ఇష్టపడి రాసుకున్న ఒక గేయానికి అక్క గొడుగు పోయిందన్న పేరడీ కట్టింది. నేను ఏ పాదంలో ఆగి నిట్టూర్చానో, సరిగ్గా ఆ పాదంలోనే గొడుగు పోయింది. నా గేయాన్ని మెచ్చుకున్నవాళ్ళున్నారు, కానీ ఆ నిట్టూర్పు ఎక్కడుందో పట్టుకుంది ఆమె ఒక్కతే.

ఛందో బంధనాలు తెంచుకున్నానని ప్రకటించిన శ్రీశ్రీయే "సిరిసిరిమువ్వా" అన్న మకుటంతో కందాలు రాశాడు. ఆరుద్ర కూనలమ్మ పదాల్లో మూడు పాదాలకు అంత్యప్రాస కట్టి నాలుగో పాదంలో కూనలమ్మను పిలిచాడు. యుగాన్ని కదిలించే కవిత్వం రాసినవాళ్ళకు ఈ చిన్న ఆటలెందుకని అడిగేవాళ్ళు ఉంటారు. ఆ చేతికి ఆ ఆట కూడా కావాలి. ఎప్పుడూ గంభీరంగానే ఉండే ఇంట్లో ఎవరుండగలరు?

మధ్యలో అక్కకు కంటి ఆపరేషన్ జరిగింది. తెర చూడకూడదన్నారు. అప్పుడు పద్యాలన్నీ గొంతుతోనే పంపింది. నిజం చెప్పాలంటే, యతి దగ్గర ఆమె గొంతు కొంచెం ఆగి, నొక్కి, ముందుకు వెళ్ళడం వినేదాకా యతి ఎందుకుందో నాకు పూర్తిగా అర్థం కాలేదు. పుస్తకంలో అది లెక్క, గొంతులో అది మలుపు. కళ్ళద్దాల మీద, చుక్కల మందు మీద, ఎండ మీద, చివరికి డాక్టరుగారి చేతిరాత మీద కూడా పద్యాలు చెప్పింది. నొప్పి గురించి ఒక్క పద్యం లేదు. అడిగితే, "నొప్పికి నా దగ్గర ప్రాస లేదు చెల్లీ" అంది. ఆ మాట కూడా నవ్వుతూనే అంది, నేను మాత్రం నవ్వలేకపోయాను.

వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్య మణిమంజరి కూర్చకపోయి ఉంటే, నోళ్ళలో తిరిగిన చాటువులు, అంటే సందర్భానికి అప్పటికప్పుడు చెప్పిన విడి పద్యాలు, ఎన్ని పోయేవో. చాటువుకు సందర్భమే ప్రాణం. ఎవరు, ఎవరితో, ఏ మాట మీద అన్నారో తెలియకపోతే సగం పద్యమే మిగులుతుంది. అందుకే మా పద్యాలు నేను నోటుపుస్తకంలో ఎక్కిస్తాను. ఫోన్‌లో ఉన్నాయిగా అంటారు, ఫోన్ మారితే పోతాయి. ఎడమ పేజీలో ఆమెది, కుడి పేజీలో నాది, కింద ఏం జరిగితే ఈ పద్యం పుట్టిందో ఒకటి రెండు వాక్యాలు. నాది ఒక్కటే ఎక్కడా రాయను. పద్యాలు చెప్పుకునే స్నేహితులు ఎవరైనా ఉంటే, దయచేసి రెండు వైపులవీ దాచుకోండి.

ప్రస్తుతం వంతు నాది. అక్కకు ఈ సమస్య ఇచ్చాను:

పిల్లిని గని సింహమొకటి భీతిల్లె గదా!

కందపాదం, మళ్ళీ "ల్ల" ప్రాసే. సర్కస్ మాట తేకూడదని షరతు పెట్టాను, కల అని తప్పించుకోకూడదని ఇంకో షరతు. "ఆలోచిస్తున్నా, తొందరపెట్టకు" అని నిన్న రాత్రి మెసేజ్ వచ్చింది. ఈలోపు మీకెవరికైనా పూరణ తడితే పంపండి. ఆమె పూరణ వచ్చాక పక్కనే పెట్టి చూపిస్తాను.