“టెండర్ పత్రం ప్రకారం”: ఒక విమాన భద్రతా సాఫ్ట్‌వేర్ కొనుగోలులో నా అనుభవం

గత గురువారం సాయంత్రం అంగీకార ప్రమాణపత్రం మీద మూడో సంతకం నేను చేశాను. కొన్నది ఒక ప్రభుత్వ సంస్థ, అమ్మినది ఒక ప్రైవేటు కంపెనీ. రెండింటి పేర్లూ ఇక్కడ రాయడం లేదు. ఆ సంస్థ తరఫున కాంట్రాక్టు పద్ధతిలో సాంకేతిక సలహాదారుగా విశాఖపట్నం సిరిపురంలోని ప్రాజెక్టు కార్యాలయంలో రెండేళ్ల ఎనిమిది నెలలు పనిచేశాను. విమానాల రాకపోకలను నేల మీద నుంచి నియంత్రించే కంట్రోలర్లు పైలట్లతో మాట్లాడే మాటలనూ, ఆ సమయంలో వారి తెర మీద ఉన్న రాడార్ చిత్రాన్నీ రికార్డు చేసి, ఏదైనా ఘటన జరిగినప్పుడు రెండింటినీ కలిపి మళ్లీ చూపించే సాఫ్ట్‌వేర్‌ను మేము కొన్నాం.

ఇది విమానాన్ని నడిపేది కాదు, కంట్రోలర్‌కు దారి చూపేదీ కాదు. నేల మీది వ్యవస్థల సాఫ్ట్‌వేర్‌కు వర్తించే డీవో-278ఏ ప్రమాణంలో ఏఎల్1 నుంచి ఏఎల్6 వరకు ఆరు భరోసా స్థాయిలున్నాయి. మా సాఫ్ట్‌వేర్‌కు వాటిలో కింది స్థాయే చాలునన్నారు. ఆ కారణంగానే కాబోలు, కార్యాలయంలో చాలామంది దీన్ని ఒక టేప్‌రికార్డర్ కొనుగోలుగానే చూశారు. నేను అలా చూడలేకపోయాను. 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది చనిపోయినప్పుడు, కజకిస్తాన్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమని కంట్రోలర్ చెప్పిన మాట రికార్డయి ఉండబట్టే విచారణలో నిజం నిలబడింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లోని 11వ అనుబంధం ఈ రికార్డులను కనీసం 30 రోజులు భద్రపరచమంటుంది. ప్రమాదం జరిగాక చనిపోయినవారి తరఫున సాక్ష్యం చెప్పగలిగేవి ఆ రికార్డులే కనుక, వాటిలో తేడా రాకూడదన్నది మొదటి రోజు నుంచీ నా పట్టుదల.

అంచనా తయారీ, పరిపాలనా అనుమతి, పోర్టల్‌లో టెండర్ ప్రకటన, ఈఎండీలు (బిడ్డర్లు కట్టే ధరావతు), సాంకేతిక బిడ్లు తెరవడం, తర్వాత ధరల బిడ్లు తెరవడం, ఎల్-1గా, అంటే అతి తక్కువ ధరతో, వచ్చిన కంపెనీకి ఆర్డర్ ఇవ్వడం, అన్నీ కలిపి 13 నెలల్లో పెద్ద ఇబ్బంది లేకుండా జరిగిపోయాయి. మమ్మల్ని ముంచిన తప్పు కూడా ఆ ఇబ్బంది లేని రోజుల్లోనే జరిగిందని అప్పుడు నాకు తెలియదు.

సరుకును అప్పగించేముందు తయారీదారు దగ్గరే చేసే ఫ్యాక్టరీ అంగీకార పరీక్ష ఋషికొండ ఐటీ కొండ మీద ఆ కంపెనీ ప్రయోగశాలలోనే జరిగింది. సంస్థ తరఫున నాకు తోడుగా ఒక రిటైర్డ్ కంట్రోలర్ వచ్చారు. ముప్పై ఏళ్లకు పైగా హెడ్‌సెట్ పెట్టుకుని పనిచేసిన మనిషి, మర్రిపాలెంలో ఉంటారు. పరీక్షా పత్రంలోని 212 అంశాల్లో 200కు పైగా రెండు రోజుల్లో పూర్తయ్యాయి. మూడో రోజు ఆయన ఒక మాట అన్నారు: “ఏటమ్మా, అన్నీ పది నిమిషాల ముక్కలే చూస్తన్నాం. డ్యూటీ పది నిమిషాలుంటాదా? ఒక రోజంతా ఎక్కించి చూద్దాం.”

ఆ రోజు మధ్యాహ్నం 12 గంటలకు రికార్డింగ్ మొదలుపెట్టాం. ప్రతి గంటకూ రేడియో చానల్‌లో ఒక బీప్, అదే క్షణంలో రాడార్ తెర మీద ఒక ఎర్ర గుర్తు వచ్చేలా పరీక్షా సంకేతాలు పంపాం. రాత్రంతా ఆ గదిలోనే ఉన్నాం. మర్నాడు మధ్యాహ్నం రీప్లే పెట్టి చూస్తే, మొదటి గంట దగ్గర బీప్, గుర్తు ఒకేసారి వచ్చినట్టే అనిపించాయి. ఎనిమిదో గంట దగ్గర గుర్తు కనిపించిన తర్వాత దాదాపు 1.8 సెకన్లకు బీప్ వినిపించింది. ఇరవై నాలుగో గంట దగ్గర ఆ తేడా 5.4 సెకన్లు. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాం, ప్రతిసారీ అంతే వచ్చింది.

కారణం ఆ సాయంత్రమే తేలింది. శబ్దాన్ని సెకనుకు 8,000 నమూనాలుగా తీసుకుంటున్నామని సాఫ్ట్‌వేర్ నమ్ముతోంది. శబ్దాన్ని అందుకునే కార్డు మాత్రం 8,000.5 తీసుకుంటోంది. సాఫ్ట్‌వేర్ శబ్దం ఫైలు మొదట్లో ఒక్కసారి జీపీఎస్ సమయం రాసి, ఆ తర్వాత నమూనాలను లెక్కపెట్టుకుంటూ పోతోంది. సెకనుకు అర నమూనా చొప్పున గంటకు 1,800 నమూనాలు పోగవుతాయి, అంటే 0.225 సెకను. చిత్రం ఎప్పటికప్పుడు జీపీఎస్ సమయంతో నడుస్తుంటే, మాట గంటగంటకూ వెనకబడుతోంది. 250 నాట్ల వేగంతో దిగుతున్న విమానం 5.4 సెకన్లలో దాదాపు 700 మీటర్లు పోతుంది. కంట్రోలర్ హెచ్చరించినప్పుడు విమానం ఎక్కడుందన్న ప్రశ్నకు మా రికార్డు తప్పు జవాబు చెబుతుంది.

పొరపాటు వారిదే కనుక మర్నాటి సమావేశంలో ఒప్పుకుంటారని అనుకున్నాను. మా డైరెక్టర్ గారు, ఫైనాన్స్ అధికారి, కంపెనీ తరఫున ఐదుగురు కూర్చున్నారు. వారిలో పాతికేళ్లు కూడా నిండని ఒక ఇంజనీరు లేచి తెర మీద రెండు పేజీలు చూపించాడు. మొదటిది మా టెండర్ పత్రంలోని ఒక క్లాజు: శబ్దం, రాడార్ చిత్రం సమకాలికంగా రీప్లే కావాలి. అంతే, అంకె లేదు. రెండోది బిడ్లు వేయకముందు కంపెనీలు అడిగే ప్రీ-బిడ్ ప్రశ్నలకు మేమిచ్చిన జవాబుల పట్టిక. 43వ ప్రశ్న: “సమకాలికం అంటే ఎన్ని మిల్లీసెకన్లు?” ఎదురుగా మా జవాబు: “టెండర్ పత్రం ప్రకారం.” ఆ పేజీ కింద నా పొట్టి సంతకం.

“మేడమ్, రాడార్ చిత్రమే నాలుగు సెకన్లకు ఒకసారి మారుతుంది కదా. ఐదు సెకన్ల తేడా సమకాలికం కాదని ఎక్కడ రాశారు?” అని ఎంతో మర్యాదగా అడిగాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. డైరెక్టర్ గారు నా వైపు చూడకుండా తన ముందున్న కాగితాన్ని తిప్పి పెట్టారు. నా చెవులు వేడెక్కడం నాకు తెలుస్తూనే ఉంది. అతని వాదన సాంకేతికంగా తప్పు. రాడార్ చిత్రం నాలుగు సెకన్ల పాతదే కావచ్చు, కానీ కంట్రోలర్ ఆ మాట అన్నప్పుడు చూసింది ఆ చిత్రాన్నే. ఆ చిత్రాన్నీ ఆ మాటనూ విడదీయకుండా చూపడమే ఈ సాఫ్ట్‌వేర్ పని. పైగా రాడార్ యాంటెన్నా ఒక చుట్టు తిరిగే ఆ నాలుగు సెకన్ల వ్యవధి పెరగదు, ఈ తేడా గంటగంటకూ పెరుగుతుంది. ఇదంతా నేను చెప్పాను. అయినా ఒప్పందం ముందు నా వాదన నిలవదని చెబుతున్నప్పుడే నాకు తెలుసు. ప్రశ్న సరిగ్గా అడిగారు, జవాబు మేమివ్వలేదు. ఆ జవాబులు రాసిన రోజు మా ముందున్నవి 118 ప్రశ్నలు, చివరి తేదీ మర్నాడు. జవాబు తేలని ప్రతి చోటా “టెండర్ పత్రం ప్రకారం” అని నింపడం ఆ కార్యాలయంలో అందరికీ అలవాటు. ఆ అలవాటుకు నేనూ సంతకం పెట్టాను.

సవరణకు కంపెనీ చేంజ్ రిక్వెస్ట్ కింద, అంటే ఒప్పందంలో లేని మార్పుగా చూపి, 18 లక్షలు అడిగింది. అసలు నరకం అక్కడ మొదలైంది. పోటీ లేకుండా అదే కంపెనీకి అదనంగా ఎలా ఇస్తామని ఫైనాన్స్ విభాగం ఫైలును నాలుగుసార్లు తిప్పి పంపింది. ఐదోసారి దానితో పాటు నాకు ఒక మెమో వచ్చింది: మీ నిర్లక్ష్యం వల్ల సంస్థకు కలిగిన అదనపు వ్యయానికి మూడు రోజుల్లో వివరణ ఇవ్వగలరు. ఇరవై రెండేళ్ల ఉద్యోగ జీవితంలో నాకు వచ్చిన మొదటి మెమో అది. ఆ రాత్రి ఎంవీపీ కాలనీలోని ఇంట్లో వివరణను ఆరుసార్లు రాసి, ఐదు చించేశాను. తప్పు నాదని రాశాను. టెండర్ పత్రంలోని ఆ క్లాజు వేరొక కొనుగోలు పత్రం నుంచి ఎత్తి పెట్టినదనీ, దాన్ని ఆమోదించిన కమిటీలో ఫైనాన్స్ సభ్యుడు కూడా ఉన్నారనీ రాశాను. జవాబు రాలేదు. ఏడు నెలలు గడిచాయి.

ఫైనాన్స్ వారి మీద నా కోపం ఇంకా తగ్గలేదు. ధర ఎవరిది తక్కువో చూడడం వారి పనే. అయితే ఏం కొంటున్నామో తెలియకుండా ధరలు పోల్చడం కొనుగోలు ఎలా అవుతుంది? ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కూడా కాదు. అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1988లో ఐబీఎంకు అప్పగించిన ట్రాఫిక్ కంట్రోల్ ఆధునికీకరణ పథకం, మాటిమాటికీ మారిన అవసరాలు ఒక ముఖ్య కారణంగా, 1994లో ముక్కలైంది. 1997 మార్చిలో అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏవో ఇచ్చిన నివేదిక, ఎఫ్‌ఏఏ సాఫ్ట్‌వేర్ కొనే పద్ధతులే అప్పటికప్పుడు తోచినట్టు, కొన్నిసార్లు గందరగోళంగా నడుస్తున్నాయని తేల్చింది. ఆ నివేదిక వేలెత్తి చూపింది సాఫ్ట్‌వేర్ రాసేవారిని కాదు, కొనేవారిని. ఆ నివేదిక సంగతిని నా ఫైలు నోట్‌లో పెట్టాను. ఎవరైనా చదివారో లేదో తెలియదు కానీ, ఎనిమిదో నెలలో 11 లక్షలకు బేరం కుదిరి అనుమతి వచ్చింది.

ఇలాంటి పనిలో ఉన్నవారికి నేను చెప్పగలిగినది ఒకటే. ప్రతి అవసరం పక్కనే దాన్ని ఎలా కొలుస్తారో టెండర్ వేయకముందే రాయండి. ఎలా కొలవాలో తోచకపోతే ఆ అవసరం మీకే ఇంకా అర్థం కాలేదన్నమాట. కొత్త క్లాజును నేను ఇలా రాశాను: 24 గంటల నిరంతర రికార్డింగ్‌లో ఏ క్షణంలోనూ శబ్దానికీ చిత్రానికీ మధ్య తేడా 100 మిల్లీసెకన్లు మించరాదు; గంటకొక బీప్, గంటకొక గుర్తు పంపి కొలవాలి. ఇప్పుడు సంస్థ తరువాతి టెండర్‌లో ప్రతి అవసరం పక్కనే కొలిచే పద్ధతి ఉండేలా నేను తయారుచేసిన పట్టిక నమూనానే వాడుతున్నారు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

సవరించిన సాఫ్ట్‌వేర్ శబ్దంలో ప్రతి సెకనుకూ జీపీఎస్ సమయం వేస్తుంది. 24 గంటల పరీక్ష మొదటిసారే నెగ్గింది. కానీ నేను 60 రోజుల నిరంతర పరీక్ష అడిగాను. 2004 సెప్టెంబర్ 14న లాస్ ఏంజెలెస్ కేంద్రంలో కంట్రోలర్ల రేడియో వ్యవస్థ ఆగిపోవడానికి కారణం, మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్ దాదాపు 49.7 రోజులకు అయిపోవడం. 30 రోజులకొకసారి రీస్టార్ట్ చేయాలన్న పని ఆ నెల జరగలేదు. మా వ్యవస్థలో అలాంటి కౌంటర్ ఉందా అని అడిగితే ఆ కుర్ర ఇంజనీరు కోడ్ వెతికి, రెండు చోట్ల ఉందని తానే వచ్చి చెప్పాడు. ఆ నిజాయితీకి అతనంటే నాకున్న కోపం చాలావరకు పోయింది.

పరీక్షను మధ్యాహ్నం 12 గంటలకు ప్రారంభించాం కనుక కౌంటర్ నిండే సమయం, 49 రోజుల 17 గంటల 2 నిమిషాల 47 సెకన్లు, తెల్లవారుజామున 5 దాటాక వచ్చింది. నాలుగున్నరకు ఆటోలో బయలుదేరి కొండ ఎక్కాను. రిటైర్డ్ కంట్రోలర్ గారు అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. 5 గంటల 2 నిమిషాలకు ఆ కుర్ర ఇంజనీరుతో కలిపి ముగ్గురం తెర ముందు నిలబడ్డాం. 47వ సెకను వచ్చింది, పోయింది. లాగ్‌లో వరుసలు ఆగకుండా కిందికి కదులుతూనే ఉన్నాయి. ఆయన “ఆరు గంటల బీప్ కూడా చూసే పోదామమ్మా” అన్నారు. చూశాం. బీప్‌కూ గుర్తుకూ మధ్య తేడా 14 మిల్లీసెకన్లని పుస్తకంలో రాసి, దాని కింద ముగ్గురం సంతకాలు పెట్టాం.