ఫైబర్ ఒకటే, వడపోత మాత్రం ఎవరిది వారికి

గ్రంథాలయం వెనుక గదిలో, పాత పత్రికల కట్టల పక్కన, గోడకు బిగించిన చిన్న ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. తలుపు తీస్తే బయటి నుంచి వచ్చేది సన్నటి పసుపు రంగు ఫైబర్ ఒక్కటే. దాని కింది స్విచ్ నుంచి మాత్రం సిబ్బంది కంప్యూటర్లకు, పాఠకుల కంప్యూటర్లకు, వైఫైకి వేర్వేరు తీగలు బయలుదేరుతాయి. పన్నుల లెక్కలు చూసే కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) ఉద్యోగీ, వీధిలోంచి వచ్చి కూర్చున్న పాఠకుడూ ఒకే ఫైబర్‌ను వాడుకుంటున్నా ఒకరి సమాచారం మరొకరికి కనబడదు. ప్రతి ఫ్రేమ్‌కూ, అంటే సమాచారపు ప్రతి చిన్న ముక్కకూ, అది ఏ గుంపుదో చెప్పే వీల్యాన్ సంఖ్యను స్విచ్ తగిలిస్తుంది. ఒక సంఖ్య నుంచి మరొక దానికి వెళ్లాలంటే ఫైర్‌వాల్ అనే కాపలా ఏర్పాటు ఒప్పుకోవాలి.

బ్రిటన్‌లో విశ్వవిద్యాలయాలను కలిపే జానెట్ నెట్‌వర్క్ 1984లోనే మొదలైంది. గ్రంథాలయాల వంతు చాలా ఆలస్యంగా, పీపుల్స్ నెట్‌వర్క్ అనే పథకంతో వచ్చింది. లాటరీ నిధుల్లోంచి 10 కోట్ల పౌండ్లు అందుకున్న ఆ పని 2002 చివరికి దాదాపు పూర్తయింది. ఆ తరువాత వేల్స్‌లో పీఎస్‌బీఏ, స్కాట్లాండ్‌లో స్వాన్ అనే ఉమ్మడి ప్రభుత్వ నెట్‌వర్క్‌లు కౌన్సిళ్లను, బడులను, ఆసుపత్రులను ఒకే గొడుగు కిందికి తెచ్చాయి. ఊరి చివరి బడి ఒక్కదాని కోసం కందకం తవ్వడం ఏ సంస్థకూ గిట్టుబాటు కాదు గానీ, అదే దారిలో కౌన్సిల్ కార్యాలయం, గ్రంథాలయం, ఆరోగ్య కేంద్రం కూడా ఉంటే లెక్క మారిపోతుంది. పైగా బడి సాయంత్రానికి ఖాళీ అవుతుంది, కౌన్సిల్ బ్యాకప్‌లు రాత్రి నడుస్తాయి కాబట్టి, అందరి రద్దీ ఒకే గంటలో పడదు.

నా ఫిర్యాదల్లా వడపోత గురించే, అంటే కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోకుండా అడ్డుకునే ఏర్పాటు గురించే. పిల్లల కోసం సిద్ధం చేసిన నిషేధ జాబితానే గ్రంథాలయానికీ వర్తింపజేయడం నిర్వాహకులకు సులువు, పెద్దలకు అవమానం. అమెరికాలో ఈ-రేట్ అనే ప్రభుత్వ పథకపు రాయితీతో ఇంటర్నెట్ తీసుకునే గ్రంథాలయాలు 2000 నాటి చట్టం ప్రకారం వడపోత పెట్టాల్సిందే; అయినా పెద్దలు అడిగితే దాన్ని తీసివేసే వెసులుబాటు అందులోనే ఉంది, 2003లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించినప్పుడు ఈ వెసులుబాటును ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంది. కాగితం మీద ఇది బాగానే ఉంది.

ఒక గ్రంథాలయంలో రొమ్ము క్యాన్సర్ గురించి వెతుకుతున్న ఒకావిడకు ఎర్రటి నిషేధ పేజీ ఎదురవడం నేను చూశాను. లైబ్రేరియన్ వెంటనే నెట్‌వర్క్ విభాగానికి ఫోన్ చేసి, అభ్యర్థన సంఖ్య రాసుకుని వెనక్కి తిరిగేసరికి, ఆవిడ తెర ఆపేసి వెళ్లిపోయారు.