ఉమ్మితో గూడు కట్టే అండమాన్ పిట్ట

అండమాన్ వెళ్లొచ్చినవాళ్లు బారాటాంగ్ సున్నపురాయి గుహల ఫొటోలు తెగ పెడుతుంటారు. ఆ దీవుల్లో అలాంటి గుహల్లోనే గూడు కట్టుకునే ఒక చిన్న పిట్ట ఉంది. పేరు ఎడిబుల్ నెస్ట్ స్విఫ్ట్‌లెట్, అక్కడివాళ్లు హవాబిల్ అంటారు.

దీని గూట్లో పుల్లలుండవు, గడ్డి ఉండదు, దాదాపు అంతా ఉమ్మే. గుడ్లు పెట్టే కాలం వస్తే నాలుక కింది గ్రంథులు ఉబ్బి జిగటగా లాలాజలం ఊరుతుంది, దాన్ని గుహ గోడకి పోగులు పోగులుగా అంటిస్తూ నెల పైనే కష్టపడి సగం కొబ్బరి చిప్పంత కూడా లేని తెల్లటి గూడు కడుతుంది. పెట్టేది రెండు గుడ్లు. కొమ్మ మీద వాలడం దీనికి రాదు, ఆ కాళ్లు గోడని పట్టుకుని వేలాడటానికే. పగలంతా ఎగిరే పురుగుల్ని గాల్లోనే పట్టి తింటుంది. చీకట్లో టిక్ టిక్‌మంటూ ఆ ప్రతిధ్వనిని బట్టి దారి చూసుకుంటుంది, గబ్బిలాల కూతల్లా కాకుండా ఇది మన చెవికి కూడా వినిపిస్తుంది!

ఆ గూడే దీని కొంప ముంచింది. చైనాలో దాంతో సూప్ చేసుకుంటారు, కిలో వేల డాలర్లు పలుకుతుంది. గూడు పీకేస్తే పిట్ట మళ్లీ కడుతుంది, మళ్లీ పీకేస్తారు, లోపల గుడ్లున్నా పిల్లలున్నా పారేసి మరీ. కోయంబత్తూరులో పక్షుల మీద పరిశోధన చేసే సలీం అలీ కేంద్రం శాస్త్రవేత్త రవి శంకరన్ 90లలో గుహ గుహ తిరిగి చూస్తే, పదేళ్లలో 80 శాతం దాకా తగ్గిపోయాయని తేలింది.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు చాలా ఇష్టం. గూళ్లు పీకే అలవాటున్నవాళ్లనే, అటవీశాఖతో కలిసి, ఉత్తర అండమాన్‌లోని చాలిస్ ఏక్ గుహలకి, ఇంటర్‌వ్యూ దీవి గుహలకి కాపలా పెట్టారు. ఏ గుహలో ఏ మూల గూడుందో వాళ్లకంటే ఎవరికి తెలుస్తుంది? ఇంకోవైపు, ఇళ్లలో గూడు కట్టే వేరే జాతి స్విఫ్ట్‌లెట్ గూళ్లలో వీటి గుడ్లు పెట్టి పొదిగించారు, ఇంట్లో పెరిగిన పిల్ల పెద్దయ్యాక గూడు కట్టడానికి ఇంటికే వస్తుందని. ఇండోనేషియాలో అలా చేసినవాళ్లున్నారు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉండే జీవుల జాబితాలో, ఈ పిట్ట ఉన్నంతకాలం ఖాళీ గూడు తీసి అమ్ముకోవడం కూడా కుదరదు, మరి కాపలా కాసేవాళ్లకి ఏం మిగులుతుంది అన్నది ఆయన వాదన. 2009లో ఈ పిట్టని షెడ్యూల్ నుంచి తీశారు. అదే ఏడాది జనవరిలో 45 ఏళ్లకే ఆయన పోయారు, తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

పక్షి ప్రేమికుల్లో కొందరికి ఈ అమ్మకం సంగతి మింగుడుపడదు. నేను మాత్రం ఆయన వైపే, కాకపోతే పిల్లలు ఎగిరిపోయేదాకా గూడు మీద చెయ్యి పడకూడదు, రెక్కలు పూర్తిగా వచ్చేదాకా అవి ఆ గూటినే పట్టుకుని ఉంటాయి.